వర్సిటీ ఆడినవాళ్లు

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మీద ప్రత్యేక సంచిక వేస్తే అందులో ఏమేం ఉంటాయో ముందే చెప్పొచ్చు. 1954లో ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగా ఉండగా జరిగిన స్థాపన, తొలి వైస్ ఛాన్సలర్ ఎస్. గోవిందరాజులు నాయుడుగారి దక్షత, దేవస్థానం చేయూత, ఆరు శాఖలతో మొదలైన చదువు, 1983లోనూ 2017లోనూ ఇక్కడ జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్. ఇవన్నీ ఉండాల్సినవే. ఆటల వంతుకు చివర్లో ఒక పేజీ మిగులుతుంది. ట్రాక్ సూట్లు వేసుకున్న పిల్లలు వరసగా నిలబడ్డ ఫోటో, పక్కన ఫిజికల్ డైరెక్టర్, అంటే పీడీ సార్. ఆ ఫోటోలో నిలబడ్డవాళ్ల గురించే ఈ నాలుగు మాటలు.

యూనివర్సిటీ రాకముందు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మదనపల్లె బీటీ కాలేజీ 1915 నాటిది. తిరుపతి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945లో వచ్చింది. ఇవి మద్రాసు విశ్వవిద్యాలయం కింద నడిచాయి. అంటే మన కుర్రాడు ఎంత బాగా ఆడినా, వర్సిటీ ఆడాలంటే మద్రాసు జట్టులో చోటు సంపాదించాలి. మహానగరంలోని పెద్ద కాలేజీల పిల్లలతో పోటీపడి ఆ చోటు దక్కించుకోవడం రాయలసీమ పిల్లలకు మాటలతో అయ్యే పని కాదు. మనకంటూ చదువుల కేంద్రం కావాలని సీమ నాయకులు 1937 శ్రీబాగ్ ఒప్పందంలో రాయించుకున్న సంగతి అందరికీ తెలుసు. ఆ కోరికలో ఆటల మాట లేదు. అయినా 1954 తర్వాత లాభపడ్డవాళ్లలో ఆటగాళ్లూ ఉన్నారు. మొదటిసారి సెలక్షన్ ఇంటి దగ్గరికి వచ్చింది.

అప్పటి మన పటం చాలా పెద్దది. రాయలసీమ జిల్లాలూ, నెల్లూరూ ఒకే జెండా కింద ఉన్న కాలం అది. సెలక్షన్స్ అంటే కర్నూలు కాలేజీ ఆటగాడూ కావలి కాలేజీ ఆటగాడూ ఒకే హాస్టల్ వరండాలో బెడ్డింగ్ పరుచుకోవడం. ఆ పటం మెల్లగా చిన్నదైంది. 1981లో అనంతపురం పీజీ సెంటరు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. 2006లో యోగి వేమనతో కడప, 2008లో విక్రమ సింహపురితో నెల్లూరు విడిపోయాయి. జిల్లాలు పోవడం పైకి కనపడిన నష్టం. కనపడని నష్టం ఊళ్లోనే జరిగింది. 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చాక అక్కడ చదివే అమ్మాయిలు ఆ వర్సిటీ తరఫునే ఆడతారు. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం రావడంతో ఎస్వీ మెడికల్ కాలేజీ పిల్లలు విజయవాడ లెక్కలోకి పోయారు. 2005లో పశువైద్యానికి వేరే యూనివర్సిటీ, 2008లో ఇంజినీరింగ్ కాలేజీలకు జేఎన్‌టీయూ అనంతపురం. సంస్కృత విశ్వవిద్యాలయానిది ముందునుంచీ వేరే దారి. 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి.

ఇంత జరిగాక తిరుపతిలో ఒకే వీధిలో పెరిగి, ఒకే గ్రౌండులో నేర్చుకున్న నలుగురు స్నేహితులు నాలుగు యూనివర్సిటీల జెర్సీలు వేసుకునే పరిస్థితి వచ్చింది. సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వాళ్లు ఎదురెదురుగా తగలొచ్చు కూడా. పాతవాళ్లు దీన్ని తలచుకొని నిట్టూరుస్తుంటారు. అయిదు జిల్లాలు జల్లెడ పట్టి తీసిన జట్టుకూ ఇప్పటి జట్టుకూ బలంలో తేడా ఉంటుంది, కాదనలేం. నా లెక్క మాత్రం కొంచెం వేరు. పటం చిన్నదయ్యాక జట్టులో ఉన్నవాళ్లంతా మన పక్క ఊళ్లవాళ్లే అయ్యారు. చంద్రగిరిలోనో, పుత్తూరులోనో, పీలేరులోనో వాళ్లను తెలిసినవాళ్లుంటారు. ఒక జట్టుకు అభిమానులు పుట్టడానికి ఇంతకంటే ఏం కావాలి?

అభిమానుల మాట వచ్చింది కాబట్టి అమెరికా సంగతి ఒకటి. అక్కడ మిషిగన్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు. మన జిల్లా నుంచి అక్కడికి చదువుకు పోయిన పిల్లలు ఆ చొక్కాలు వేసుకొని సెలవుల్లో తిరుపతికి వస్తారు. వాళ్లనే పట్టుకొని పోయిన ఏడు మన కబడ్డీ జట్టు ఏం చేసిందని అడగండి, నవ్వేసి ఊరుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు, చెప్పిందెవరు గనక? మన వర్సిటీ జట్టును నమ్ముకొని ఉండేది హాస్టల్ మేట్లు, పాత ఆటగాళ్లు, పీడీలు, పొద్దున్నే క్యాంపస్‌కు వచ్చే వాకర్లు. ఈ చివరివాళ్లను తక్కువ అంచనా వేయకూడదు. రోజూ చూసే పిల్ల నాలుగు రోజులు గ్రౌండుకు రాకపోతే “ఏమ్మా, కాలు నొప్పా?” అని అడిగేది వాళ్లే.

సీజన్ విషయానికొస్తే, మన దగ్గర అది మూడింటితో పోట్లాడుతూ సాగుతుంది. మొదటిది వాన. అంతర్ కళాశాలల పోటీలు ముగించి, సెలక్షన్ చేసి, క్యాంపు పెట్టి జట్లను సౌత్ జోన్‌కు పంపాల్సిన రోజుల్లోనే ఈశాన్య రుతుపవనాలు మన మీద పడతాయి. ఎగువ జిల్లాలవాళ్లు చలిలో హాయిగా పరుగులు తీస్తుంటే మనవాళ్లు గ్రౌండులో నీళ్లు ఎప్పుడు ఇంకుతాయా అని ఎదురుచూస్తుంటారు. 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులైనప్పుడు ఇక గ్రౌండు మాట చెప్పేదేముంది? రెండోది సెమిస్టర్ పరీక్ష. మూడోది రైలు టికెట్టు. ఇది ఇంకే ఊరి టీమ్ మేనేజర్‌కూ ఇంతగా అర్థం కాని కష్టం. దేశమంతా తిరుపతికి రిజర్వేషన్ చేయించుకొని ఉంటుంది. పన్నెండుమంది ఆటగాళ్లకు ఒకే బోగీలో బెర్తులు దొరికితే అది స్వామి దయే. దొరకకపోతే రేణిగుంటకో కాట్పాడికో పోయి అక్కడ పట్టుకోవాలి.

ఆ స్వామి వల్లే ఒక మేలూ ఉంది. ఇక్కడ పోటీలు పెడితే ఏ రాష్ట్రపు జట్టూ రానని అనదు. ఓడినా గెలిచినా కొండెక్కి దర్శనం చేసుకొని పోతారు. కొందరు గుండుతో రైలెక్కుతారు. మనవాళ్లకైతే అలిపిరి మెట్లు ఖర్చులేని జిమ్ము. మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లను దమ్ము కోసం ఎక్కేవాళ్లు, మొక్కు కోసం ఎక్కేవాళ్లు పక్కపక్కనే పోతుంటారు. 2019 నవంబరులో జాతీయ అంతర్ జిల్లా జూనియర్ అథ్లెటిక్స్ తిరుపతిలో జరిగినప్పుడు దేశం నలుమూలల నుంచీ వేల సంఖ్యలో పిల్లలు దిగారు. ఊరు వాళ్లను భరించింది. లక్షల జనానికి అలవాటుపడ్డ ఊరికి అదో లెక్క కాదు.

యూనివర్సిటీ తారకరామ స్టేడియం పేరు రాష్ట్రమంతా తెలుసు. కాకపోతే తెలిసింది రాజకీయ సభల వల్ల. 2014లో మోదీ, చంద్రబాబు ఎన్నికల సభ, 2018లో ప్రత్యేక హోదా కోసం ధర్మపోరాట సభ. ఆ మైదానంలో ఎవరు ఏ హామీ ఇచ్చారో వేలమంది అప్పజెప్పగలరు. అక్కడ లాంగ్‌జంప్ రికార్డు ఎవరిదని అడిగితే పదిమంది చెప్పగలిగితే గొప్ప.

ఇంతకీ పిల్లలు ఎందుకు ఆడతారు? ఇష్టంతోనే. ఇంట్లోవాళ్లు ఆడనిచ్చేది మాత్రం ఫారం-3 కోసం. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాళ్లకు యూనివర్సిటీ క్రీడల అధికారి సంతకంతో ఇచ్చే కాగితం అది. క్రీడా కోటా ఉద్యోగానికి దారి చూపే కాగితాల్లో ఒకటి. రాష్ట్ర ప్రభుత్వం 2024 నాటి క్రీడా విధానంలో ఆ కోటాను రెండు శాతం నుంచి మూడుకు పెంచింది. “ఆటలు కూడు పెడతాయా” అనే తండ్రికి పీడీ సార్ చూపించేది ఈ లెక్కనే. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నాకు పేచీ ఉంది. యర్రావారిపాలెం మండలంలోని పల్లె నుంచి వచ్చిన హాకీ గోల్‌కీపర్ ఇ. రజని 2022లో కామన్వెల్త్ కాంస్యం గెలిచిన జట్టులో ఉంది, 2024లో ఒమన్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో కెప్టెన్‌గా జట్టును ఫైనల్ దాకా నడిపింది. ఆమెకూ వెనక రైల్వే ఉద్యోగం ఉంది. కడుపు నిండితేనే గోల్ ముందు నిలబడేది.

వర్సిటీ మీట్ ఎంత పెద్ద వాకిలో తెలియాలంటే విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతిని చూడాలి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో నూరు మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో దాటింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. డోపింగ్ పరీక్ష లాంటి నిబంధనలు పూర్తికాలేదని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం తెచ్చుకుంది. మూడబిద్రిలో ఒక కాలేజీ అథ్లెట్లను చేరదీసి తిండీ, బసా, చదువూ చూసుకోవడం వల్లే మంగళూరు విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి అథ్లెటిక్స్‌ను ఏలింది. అన్నదానంలో దేశానికే పేరున్న మన ఊరికి అందులో ఆటగాళ్ల పంక్తి ఒకటి వేయడం పెద్ద భారమేమీ కాదు.

జనం రారని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. కనుమ పండక్కి ముందూ వెనకా ఎ.రంగంపేట పశువుల పండగలో మిద్దెల మీద, చెట్ల మీద ఎక్కి చూసేది మనవాళ్లే. 2022 జనవరిలో నగరపాలక సంస్థ ఇందిరా మైదానంలో జాతీయ కబడ్డీ పెట్టినప్పుడు లైట్ల వెలుగులో కేకలు వేసిందీ మనవాళ్లే. అంతర్ కళాశాలల కబడ్డీ ఫైనల్‌ను కూడా సాయంత్రం పూట, ఊరి మధ్యలో పెట్టి, ఏ కాలేజీ ఏ కాలేజీతో ఆడుతోందో రెండు రోజుల ముందు బస్టాండులో బోర్డు కట్టించాలి. మహిళా వర్సిటీ, వెటర్నరీ జట్ల ఎగ్జిబిషన్ మ్యాచ్ కూడా దానికి ముందు ఆడిస్తే, నాలుగు జెర్సీల పిల్లలకూ ఒకే గ్యాలరీ దొరుకుతుంది. ఖర్చు లైట్లకూ, సున్నానికీ, నాలుగు బోర్డులకూ.