తండా నుంచి విదేశానికి: దత్తతలు, మూలాలు

హైదరాబాద్ నుంచి విదేశాలకు సాగిన దత్తతల చరిత్రలో 1999 ఒక మలుపు. దేశాంతర దత్తతలకు సుప్రీంకోర్టు 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో నియమాలు విధించింది. అయినా ఆ ఏడాది, 1999లో, లంబాడా తండాల్లో ఆడశిశువులను దళారులు కొని నగరంలోని దత్తత కేంద్రాలకు చేరుస్తున్నట్టు బయటపడింది. పేదరికం, అధిక సంతానం వంటి కారణాలతో బిడ్డలను వదులుకోవడాన్ని 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది.

ఆనాటి శిశువులు ఇప్పుడు పెద్దవారు. 2022 దత్తత నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండినవారు తమ మూలాల కోసం స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. మూడో వ్యక్తికి వివరాలివ్వరు. బిడ్డను అప్పగించేటప్పుడు తల్లి గోప్యత కోరి ఉంటే ఆమె లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి. ఆమె కాదన్నా, ఆచూకీ దొరకకపోయినా, అప్పగింతకు దారితీసిన పరిస్థితులను మాత్రం తెలియజేస్తారు.