సెయింట్ జాన్ సేవా పతకం

బ్రిటన్‌కు చెందిన ఆర్డర్ ఆఫ్ సెయింట్ జాన్, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి తన అనుబంధ సంస్థల్లో ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఇచ్చే పతకం. 1898లో నెలకొల్పారు. ఆటస్థలాల దగ్గర, ఊరేగింపుల్లో ప్రథమ చికిత్స పెట్టెతో గంటల కొద్దీ నిలబడే వలంటీర్లకు ఇది ఎక్కువగా దక్కుతుంది. ఒక్కనాటి సాహసానికి ఇది రాదు. ప్రాణాలకు తెగించి ఇతరులను కాపాడినవారికి 1874 నుంచే వేరే పతకం ఉంది. ఇక్కడ లెక్కకు వచ్చేది ఓపిక. మొదట్లో 15 ఏళ్ల సేవ ఉండాలనేవారు, తర్వాత ఆ గడువు తగ్గించారు. ఆపైన ప్రతి అయిదేళ్లకూ నలుపు తెలుపు చారల రిబ్బను మీద ఒక చిన్న లోహపు పట్టీ చేరుతుంది. పట్టీలు చూస్తే చాలు, మనిషి ఎంత పాతకాపో తెలిసిపోతుంది.

పతకం మీద ఉన్నది విక్టోరియా రాణి ముఖం. ఆమె 1901లో చనిపోయినా, రాజులు మారినా, వేరొకరి ముఖం పెట్టలేదు. బ్రిటిష్ పతకాల్లో ఇది అరుదైన సంగతే. ఇప్పటి బొమ్మకు మూలం రాణి కూతురు, శిల్పి అయిన లూయీస్ చెక్కిన ప్రతిమ. మన రైల్వే ఉద్యోగులకు ప్రథమ చికిత్స నేర్పే సెయింట్ జాన్ అంబులెన్స్ మూలాలూ ఈ పతకం ఇచ్చే ఆర్డర్ ఆఫ్ సెయింట్ జాన్‌లోనే ఉన్నాయి.