ఈక పలికిన సాక్ష్యము

2009 జనవరి 15వ తేదీన న్యూయార్కున నెగిరిన యొక విమానమునకు పక్షులు తగిలి రెండు యంత్రములును శక్తి గోల్పోయెను. చోదకుడు హడ్సను నదిపై దింపగా 155 మందియు బ్రదికిరి.

యంత్రములలో జిక్కిన యీక తునుకలను స్మిత్సోనియను సంగ్రహాలయమువారు పరీక్షించిరి. 1960లో బోస్టనున 62 మందిని బలిగొన్న విమానప్రమాదమునకు గోరువంకను బోలిన చిన్నపిట్టలు కారణమని తేల్చిన రాక్సీ లేబోర్ను అను విదుషి నేర్పిన పద్ధతి యది. దేహపు టీక మొదటి నూగును సూక్ష్మదర్శినిలో జూచి కులమును, దాచియుంచిన పక్షిచర్మములతో బోల్చి జాతిని నిర్ణయింతురు. ఇవి కెనడా బాతులని తేలెను. మన హంసయు నీ కులముదే.

అయినను ఊరి బాతులా, వలసబాతులా? ఊరివైనచో బట్టి తొలగింపవచ్చును. వలసవచ్చువాని నెవ్వ రాపగలరు? ఈక పెరుగునాడు పక్షి త్రాగిన నీటి యుదజని దానియందే నిలుచును. ఉత్తరదేశపు నీట బరువైన యుదజని తక్కువ. హంస పాలను నీటిని విడదీయునని చదువుకొన్న నాకు, హంస యీకలో నీటి జాడను మనుష్యులు విడదీయుట వింతగా దోచినది. లెక్కకు లాబ్రడారు ప్రాంతపు వలసపక్షుల యీకలే సరిపోయినవి.