తృతీయ అమినో ప్రభావం: నామకరణం, చర్యావిధానం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక రసాయన చర్యను మొదట గమనించిన కాలం, దానికి పేరు పెట్టిన కాలం, అది జరిగే తీరు బోధపడిన కాలం ఒకటే కానక్కరలేదు. ఆరోమాటిక్ అమీన్‌లలోని తృతీయ అమినో ప్రభావం ఇందుకు నిదర్శనం. ఆర్థో స్థానంలో ప్రతిక్షేపకం ఉన్న డయల్కైల్ అనిలిన్ నుంచి బెంజిమిడజోల్ వలయం ఏర్పడడాన్ని పిన్నో 1895లో జర్మన్ రసాయన సంఘ పత్రికలో ప్రకటించాడు. ఈ తరగతి చర్యలకు పేరు వచ్చింది 1972లో.

నామకరణం

ఆ పేరు పెట్టినవారు మెత్-కోన్, సుషిట్‌స్కీ. ఆర్థో ప్రతిక్షేపకం గల తృతీయ అనిలిన్‌లు వలయాలుగా మారే చర్యలను వారు ఒక సమీక్షా వ్యాసంలో కూర్చారు. విడివిడిగా కనిపించిన ఫలితాలు అప్పుడు ఒక కుటుంబంగా తెలియవచ్చాయి. అయితే ఆ పేరు చర్యకు అవసరమైన నిర్మాణాన్ని మాత్రమే చెబుతుంది. అణువులో కదిలేది ఏమిటో చెప్పదు.

చర్యావిధానం

ఆ లోటును తీర్చడంలో నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయానికి చెందిన రైన్‌హౌట్, వెర్‌బోమ్ బృందం కృషి ముఖ్యమైనది. ఆర్థో స్థానంలో వినైల్ సమూహం గల డయల్కైల్ అనిలిన్‌లపై వారి పరిశోధన 1984లో వెలువడింది. ఈ చర్యకు రెండు దశలు. మొదటి దశలో నత్రజని పక్కనున్న కార్బన్ నుంచి ఒక హైడ్రోజన్, ఎలక్ట్రాన్ జంటతో సహా, అంటే హైడ్రైడ్‌గా, అదే అణువులోని వినైల్ సమూహంలో వలయానికి అంటి ఉన్న కార్బన్‌కు చేరుతుంది. దీనినే 1,5-హైడ్రైడ్ బదిలీ అంటారు. నత్రజని వైపు ఇమినియం ధనావేశం, మరోవైపు కార్బన్‌పై ఋణావేశం మిగులుతాయి. రెండో దశలో ఆ రెండూ కలిసి టెట్రాహైడ్రోక్వినోలిన్ వలయం మూసుకుంటుంది. బయటి ఆక్సీకరణి గానీ క్షయకరణి గానీ అక్కరలేదు. అణువులో ఒక భాగం ఆక్సీకరణం చెందితే మరో భాగం క్షయకరణం చెందుతుంది.

1987లో ఇదే బృందం మరో కీలక ఫలితాన్ని ప్రకటించింది. హైడ్రైడ్‌ను కోల్పోయిన కైరల్ కార్బన్ ఇమినియంలో సమతలమవుతుంది కనుక కైరాలిటీ అక్కడితో నశించాలి. కానీ ఉత్పన్నంలో అది నిలిచింది. మధ్యస్థ పదార్థం తన మెలికను విడవకముందే వలయం మూసుకుంటుందని దీనివల్ల భావించవచ్చు.

2009లో సైడెల్ బృందం కైరల్ మెగ్నీషియం ఉత్ప్రేరకంతో ఇదే వరుస చర్యను నడిపి, ఒక ప్రతిబింబ రూపం అధికంగా ఏర్పడేలా చేసింది. అణువు తనలో దాచుకున్న ఎంపిక ఈ విధంగా రసాయనశాస్త్రజ్ఞుని అదుపులోకి వచ్చింది.

ముగింపు

పిన్నో చూసినది ఫలితం. 1972 నాటి సమీక్ష చూపినది సామ్యం. 1980ల పరిశోధన చూపినది కదలిక. ఈ మూడింటిలో దేనినీ ఒంటరిగా 'ఆవిష్కరణ' అనలేము. తెలుగులో పారిభాషిక పదాన్ని రూపొందించేవారికీ ఈ చరిత్ర ఒక హెచ్చరిక. 'తృతీయ అమినో ప్రభావం' అన్న అనువాదం పాత పేరును నిలుపుతుంది గాని చర్యను వివరించదు. 'అణ్వంతర్గత హైడ్రైడ్ బదిలీ' అన్నప్పుడే కదిలేది ఏదో, ఎక్కడ కదులుతుందో విద్యార్థికి తెలుస్తుంది. మొదటిది చరిత్రకు, రెండోది అవగాహనకు అవసరం. పాఠ్యగ్రంథాల్లో రెండు పేర్లనూ పక్కపక్కనే ఇవ్వడం సముచితం.