మొదటిది అక్కర, రెండోది వర్తకం



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మెట్టరైతు వానను ఒక్కదాన్నే నమ్ముకొని కూర్చుంటే ఇల్లు గడవదు. అందుకని పాడి పెట్టుకొంటాడు, నాలుగు జీవాలు మేపుకొంటాడు, చేతిలో పని ఉన్నవాడు దానినీ వదలడు. ఆ చేతిపనులలో కొత్తగా వచ్చి చేరింది మోటారుసైకిలు పని. పాలక్యాన్లు తగిలించే ఇనుప చట్రం, మేతమోపు జారకుండా ఆపే కమ్మీలు, ఇటువంటివి తన బండికి తానే అమర్చుకొన్నవాడు ఊరికొకడైనా కనబడతాడు. పొరుగాయన అది చూస్తాడు. “అన్నా, భలే ఉండాదే! నాకూ ఒకటి చేసిపెట్టకూడదా?” అంటాడు.

ఆ ఒక్క మాటతో వర్తకం మొదలవుతుంది. చాలామందికి నష్టం కూడా ఆ మాటతోనే మొదలవుతుంది. ఎందుకని? ఇంటి అక్కరకు చేసిన వస్తువు అంగడి వస్తువుగా మారిన చరిత్ర కొంత చెప్పుకొంటే ఈ సంగతి తేటపడుతుంది.

ముందుగా మన ఊరి సంగతే తీసుకొందాం. ఉదయగిరి అనగానే దుర్గమూ, 1513-14 సంవత్సరాలలో దానిని ముట్టడించి గజపతుల చేతినుండి గెలుచుకొన్న కృష్ణదేవరాయలూ జ్ఞాపకం వస్తారు. కాని ఆ ఊరిపేరు దూరదేశాలకు మోసినది ఫిరంగి కాదు, కొయ్యగరిటె. దుర్గంకొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది, పాలబరిక వంటి కర్రతో అక్కడి పనివారు గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, కత్తులు చెక్కుతారు. ఈ శతాబ్ది రెండో దశకంలో ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటే ఆ పేరు పెట్టి మరొక చోటి సరుకు అమ్మకూడదన్నమాట.

ఇక్కడ ఒక విషయం గమనించండి. గరిటె మన వంటింటి వస్తువే. ఫోర్కు మాత్రం మన అవ్వలు ఎరిగినది కాదు. మన ఊళ్లో సంగటి తినడానికి ఫోర్కు ఎవరికి కావాలి? అది పట్నంలో కొనేవానికోసం చెక్కినది. చెయ్యి అదే, ఉలి అదే, కర్ర అదే. మారినది కొనేవాని అక్కర. తన ఇంటికి ఏమి కావాలో తెలిసినవాడు పనివాడు. ఎదుటివాని ఇంటికి ఏమి కావాలో తెలుసుకొన్నవాడు వర్తకుడు. ఉదయగిరి చెంచా ఈ రెండింటినీ కలిపింది.

ఇక మోటారుసైకిలు కథకు వద్దాం. మన నెల్లూరుకు పొరుగుననే ఉన్న మద్రాసులో, తిరువొత్తియూరు దగ్గర, 1955లో మద్రాసు మోటార్సువారు ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డువారితో కలిసి బుల్లెట్టు బండి తయారీకి పూనుకొన్నారు. 1970 నాటికి ఇంగ్లండులో ఎన్‌ఫీల్డు బండ్ల తయారీ ఆగిపోయినా మనదేశంలో బుల్లెట్టు ఆగలేదు. గట్టి బండి గనుక పల్లెలకూ ఎక్కింది.

ఆ బండి గుజరాతులోని అమ్రేలీ జిల్లాలో సేద్యగాడయింది. 1994లో మన్సుఖ్‌భాయ్ జగాని అనే ఆయన బుల్లెట్టు వెనుకచక్రం తీసివేసి, ఆ స్థానంలో రెండు చక్రాలూ, వాటి వెనుక పనిముట్లు తగిలించుకొనే అడ్డకమ్మీ గల చట్రమూ అమర్చినాడు. దానికి గొర్రు తగిలిస్తే విత్తుతుంది, గుంటక తగిలిస్తే పైరు సాళ్ల మధ్య కలుపు తీస్తుంది. ఆ చట్రాన్ని విప్పి మామూలు చక్రం బిగించుకొనే వీలు కూడా ఉన్నది. కరువులో ఎద్దులను మేపలేకపోవడమూ, ట్రాక్టరు కొనే శక్తి లేకపోవడమూ, కూలీలు దొరకకపోవడమూ, ఈ మూడు బాధలనుండి పుట్టినది ఆ చట్రం. దానికి ‘బుల్లెట్ సంతి’ అని పేరు. జగాని పెద్ద చదువులు చదివినవాడు కాదు, ఇనుపపని తెలిసినవాడు. అహమ్మదాబాదులో ఉన్న హనీబీ నెట్‌వర్కువారి ప్రోత్సాహంతో ఆ చట్రానికి అమెరికాలో సైతం పేటెంటు వచ్చింది.

పేటెంటు వస్తే ఇతర రైతులు చేసుకోకూడదా అని అడగవచ్చు. హనీబీవారి సూత్రం ఈ విషయంలో మెచ్చదగినది. రైతు రైతును చూసి చేసుకొంటే అభ్యంతరం లేదు, ఇంకా మెరుగు చేస్తే మరీ మంచిది. కంపెనీ చేయదలచితే మాత్రం అనుమతి తీసికొని తగిన ప్రతిఫలం ఇవ్వవలెను.

మన తెలుగునాటనే మరొక ఉదాహరణ ఉన్నది. నల్లగొండ సీమలో ఆలేరు దగ్గరి షార్జీపేట చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి రోజూ ఆసు పోసేది. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఆమె భుజం నొప్పి చూడలేక మల్లేశం 1992లో యంత్రానికి పూనుకొన్నాడు. ఏడేండ్లు పట్టింది. చేతిలో డబ్బు అయిపోతే ఆపి, కూలి సంపాదించుకొని మళ్లీ మొదలుపెట్టినాడు. చిక్కిన చివరి ముడి, హైదరాబాదు బాలానగరంలో పనిచేస్తూ అక్కడి యంత్రమొకదాని కదలిక చూచినప్పుడు విడిపోయింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారయింది. తల్లికోసం చేసినది ఇతర నేతకుటుంబాలు కోరగా వందలకొలది ఇండ్లకు వెళ్లింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ మూడు కథల సారం ఒకటే. మొదటి వస్తువు అక్కరకోసం పుడుతుంది. అది ఎట్లా ఉన్నా చెల్లుతుంది, ఎందుకంటే చేసినవాడే వాడుకొంటాడు. వదులైతే తానే బిగించుకొంటాడు. రెండో వస్తువుతో బాధ్యత మొదలవుతుంది. అది చేసినవాడు దగ్గర లేకపోయినా పనిచేయాలి.

అందుచేత మన పాలక్యాన్ల చట్రం చేసి అమ్మదలచినవారికి మూడు మాటలు.

మొదటిది కొలత. కంటి అంచనాతో చేస్తే ఒకటి కుదురుతుంది, పదోది కుదరదు. ఏ బండికి చేస్తున్నామో ఆ బండి కొలతలు తీసి, ఒక అచ్చు చట్రం చేసి పెట్టుకోవాలి. తరువాతివన్నీ దానిలోనే బిగించి అతకాలి. అప్పుడు రంధ్రానికి రంధ్రం సరిపోతుంది.

రెండోది వెల. ఇది నమూనా లెక్క మాత్రమే. ఇనుము 700 రూపాయలు, వెల్డింగు కడ్డీలూ కరెంటూ 150, రంగు 50, ఒక రోజు కూలి 600. మొత్తం 1,500. “ఇనుము ఏడు వందలే గదన్నా, పన్నెండు వందలకియ్యి” అంటాడు తెలిసినవాడు. “సరేలే అబ్బయా” అని ఇచ్చేస్తాము. సరుకు ఖర్చు 900 పోగా 300 మిగిలినవని సంతోషిస్తాము. నిజానికి మన కూలిలో 300 పోయినవి! సొంత కూలి లెక్కలో వేసుకోనివాడు ఎన్ని చేస్తే అంత నష్టపోతాడు.

మూడోది, అన్నిటికన్న ముఖ్యమైనది, ప్రాణభయం. పొలంలో పనిముట్టు విరిగితే ఆనాటి పని పోతుంది. రోడ్డుమీద చట్రం ఊడితే మనిషి పోతాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్లో ఉన్న అసలు వివరాలు మారేటట్లు బండిని మార్చకూడదు. 2019 సవరణతో దీనికి జరిమానా, జైలుశిక్ష కూడా ఏర్పడినవి. కాబట్టి బ్రేకు, స్టీరింగు, చక్రం, బండి అసలు చట్రం, వీటి జోలికి ఇంటిపనివాడు పోరాదు. బండి చట్రాన్ని కోయడం, దానిమీద వెల్డింగు పెట్టడం మానాలి. చేసినది బోల్టులతో బిగించి, మళ్లీ విప్పడానికి వీలుగా ఉండాలి. వెనుక దీపమూ, నంబరు పలకా కప్పకూడదు. రెండువైపులా బరువు సమంగా ఉండాలి. అమ్మడానికి ముందు రవాణాశాఖ వారిని ఒకసారి అడగడం మంచిది. జగాని చట్రం పొలంలో దున్నడానికి చేసినది. దాన్ని చూచి మనం రోడ్డు బండికి మూడోచక్రం పెట్టరాదు.

గ్రామసేవకులకూ ఒక మనవి. మీరు తిరిగే ఊళ్లలో ఇటువంటి చేతులు ఉంటవి. వారికి ముందుగా అప్పు చూపించకండి. ముందు రెండో వస్తువు చేయించండి. దానిని పరాయి ఊరి రైతు ఒక పంటకాలం వాడిన తరువాత ఏమన్నాడో వ్రాసుకోండి. ఆ మాట బాగుంటే అప్పుడు ఉద్యం నమోదు చేయించండి. 2020 జులైలో మొదలైన ఈ నమోదుకు రుసుము లేదు.

కొండమీది కర్ర ఉదయగిరి చెంచాగా దేశం తిరిగింది. ఇనుము చేతబట్టిన మన బిడ్డల పని కూడా తిరగవచ్చు. పొరుగాయన “నాకూ ఒకటి” అన్నప్పుడు సంతోషించండి. “మా బావమరిదికీ ఒకటి కావాల” అని ఆయనే మళ్లీ వచ్చిననాడు మాత్రం అది వర్తకమని నమ్మండి.