ఇరవై ఐదు దాటని బండి

మా ఇంటి వసారాలో గోనెపట్టా కప్పిన బండి ఒకటుంది. చూడ్డానికి చిన్న స్కూటరులా ఉంటుంది గానీ రెండు పక్కలా సైకిలు పెడళ్లుంటాయి. నంబరు ప్లేటు లేదు. మా నాన్న రిటైరయ్యాక, 2009లో కొన్నారు. నాలుగేళ్లు దాని మీదే మార్కెట్టుకీ గుడికీ తిరిగారు. బ్యాటరీలు చచ్చిపోయాక అది వసారాకి చేరింది. మొన్న దసరా సెలవులకి మేనల్లుడొచ్చి ఆ పట్టా లాగాడు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. “మావయ్యా, కొత్త బ్యాటరీలు వేయించు. తాతయ్య బండి నేను కాలేజీకి వేసుకెళ్తా. దీనికి లైసెన్సు అక్కర్లేదుగా?” అన్నాడు.

అక్కర్లేదనే నేనూ అనుకున్నాను. దుకాణంలో అమ్మినాయన కూడా ఆ మాటే చెప్పి అమ్మాడు. అయినా పిల్లాడి చేతికి తాళం ఇచ్చేముందు ఒకసారి చూద్దామని మొదలుపెట్టిన పని నన్ను దాదాపు 130 ఏళ్లు వెనక్కి తీసుకెళ్లింది.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్నానికి చెందిన ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయనకి 1895 డిసెంబరు 31న ఒక పేటెంటు మంజూరైంది. దాని నంబరు 552271. సైకిలు వెనక చక్రం ఇరుసులోనే మోటారు, ఫ్రేము మధ్యలో వేలాడే 10 వోల్టుల బ్యాటరీ. ఇదీ ఆయన ఊహ. కరెంటు మాత్రం 100 ఆంపియర్ల దాకా తాగుతుంది. మా వసారాలో బండికి కూడా మోటారు వెనక చక్రం ఇరుసులోనే ఉంది. బోల్టన్ గీసిన బొమ్మ పక్కన పెట్టి చూస్తే నాకు ఒళ్లు పులకరించింది.

అంతకు ముందే, 1881లో, పారిస్‌లో గుస్తావ్ ట్రూవే మూడు చక్రాల సైకిలుకి మోటారు బిగించి వీధిలో నడిపి చూపించాడు. 1897లో బోస్టన్‌కి చెందిన హోసియా లిబ్బీ పెడళ్ల ఇరుసు దగ్గరే జంట మోటార్లు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత పెట్రోలు వచ్చింది, వీటిని జనం మర్చిపోయారు. 1932లో హాలండ్‌లో ఫిలిప్స్, సింప్లెక్స్ సంస్థలు కలిసి ఒక ఎలక్ట్రిక్ సైకిలు తెచ్చాయి గానీ అది నిలవలేదు. సీసం బ్యాటరీల బరువు ఒక అడ్డంకి. దానికన్నా పెద్ద అడ్డంకి చట్టం. సైకిలుకి మోటారు తగిలిస్తే అది మోటారు వాహనమే. రిజిస్ట్రేషను, పన్ను, బీమా, లైసెన్సు అన్నీ కావాలి. అన్నీ కట్టేవాడు మోటారు సైకిలే కొనుక్కుంటాడు, బరువైన ఈ సైకిలెందుకు? అందుకే దీని చరిత్రలో గొప్ప మలుపు వర్క్‌షాపులో పుట్టలేదు, ప్రభుత్వ కార్యాలయంలో పుట్టింది.

1983లో బ్రిటన్ కొత్త నిబంధనలు తెచ్చింది. పెడళ్లుండి, మోటారు 200 వాట్లు మించకుండా, వేగం గంటకి 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు, దాటకుండా ఉంటే ఆ బండిని సైకిలుగానే లెక్కగడతామంది. మూడు చక్రాల బండికైతే 250 వాట్ల దాకా, 60 కిలోల బరువు దాకా ఒప్పుకుంది. 14 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా తొక్కవచ్చు. లైసెన్సు, బీమా, హెల్మెట్ ఏవీ తప్పనిసరి కాదు.

ఈ అవకాశాన్ని పట్టుకున్నవాడు క్లైవ్ సింక్లెయిర్. జేబులో పట్టే కాలిక్యులేటర్లు, 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ కంప్యూటరు ఆయన చలవే. సామాన్యుడికి అందే ధరలో కంప్యూటరు ఇచ్చిన మనిషి. ఎలక్ట్రిక్ బండి మీద ఆయనకి చిన్నప్పటి నుంచీ మోజు. కొత్త నిబంధనలు రాగానే, ఆ కొలతలకి సరిగ్గా సరిపోయేలా మూడు చక్రాల బండి తయారు చేయించాడు. పేరు సీ-ఫైవ్. మోటారు 250 వాట్లు. వేగం గంటకి 15 మైళ్లు. బ్యాటరీతో కలిపి బరువు 45 కిలోలు. దర్జీ ఒంటికి కొలత తీసుకున్నట్టు, చట్టానికి కొలత తీసుకుని కుట్టిన బండి అది.

దాన్ని దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, 80 సెంటీమీటర్ల లోపు ఎత్తు. పడవలో కూర్చున్నట్టు కాళ్లు ముందుకి చాపుకుని కూర్చోవాలి. హ్యాండిలు ఛాతీ ఎదురుగా ఉండదు, తొడల కింద ఉంటుంది. రెండు చేతులూ పక్కలకి వదిలేస్తే వేళ్లకి అందుతుంది. పెడళ్లు ముందు చక్రం దగ్గరుంటాయి. రివర్సు లేదు. వెనక్కి తిప్పాలంటే దిగి, ముందు భాగం చేత్తో ఎత్తి తిప్పుకోవాలి. లారీ పక్కన వెళ్తే డ్రైవరు కంటికి ఆనదని భయం, అందుకే పొడుగాటి కర్రకి మెరిసే జెండాలాంటిది విడిగా అమ్మేవారు. వేల్స్‌లోని మెర్తిర్ టిడ్‌ఫిల్‌లో, వాషింగ్ మెషీన్లు చేసే హూవర్ ఫ్యాక్టరీలో దాన్ని తయారు చేశారు. దాంతో అందులో ఉన్నది వాషింగ్ మెషీను మోటారే అని పుకారు పుట్టింది, ఇవాళ్టికీ పోలేదు. నిజానికి ఆ మోటారు ఇటలీలో తయారైంది. పుకారుకి ఉన్న ఆయువు ఆ బండికి లేకపోయింది.

1985 జనవరి 10. లండన్‌లో గుట్ట మీదుండే అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ఆవిష్కరణ. బయట మంచు. పైన కప్పు లేని బండి, సీసం బ్యాటరీ బండి. చలికి సీసం బ్యాటరీ సత్తువ తగ్గుతుందని బ్యాటరీ షాపులో కుర్రాడిని అడిగినా చెబుతాడు. విలేకరులు గుట్ట ఎక్కబోయేసరికి కొన్ని బళ్లు ఆగిపోయాయి. మర్నాటి పత్రికలు ఉతికి ఆరేశాయి. ధర 399 పౌండ్లు. సుమారు 14,000 బళ్లు తయారైతే, కంపెనీ మూతపడేలోగా అమ్ముడైనవి 5,000 దాకా మాత్రమే. ఆగస్టుకల్లా తయారీ ఆగింది. పెద్ద చిల్లర దుకాణాలు మిగిలినవాటిని 140 పౌండ్లకే వదిలించుకున్నాయి. సింక్లెయిర్ పట్టు వదల్లేదు. 1992లో జైక్ అని రెండు చక్రాల ఎలక్ట్రిక్ సైకిలు తెచ్చాడు, బరువు 11 కిలోలే. అదీ నడవలేదు. 2021లో ఆయన కన్నుమూశాడు. నా దృష్టిలో ఆయన ఓడిపోలేదు. బ్యాటరీ ఆయన్ని అందుకోవడానికి ముప్ఫై ఏళ్లు ఆలస్యమైంది, అంతే.

ఆ సీ-ఫైవ్‌లని ఇప్పుడు సేకరించేవాళ్లు కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. బ్రిటన్‌లో పాత ఎలక్ట్రిక్ సైకిలు ఉన్నవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అక్కడి చట్టం బండి పుట్టినరోజు అడుగుతుంది. 2015లో నిబంధనలు సవరించి అన్నిటికీ 250 వాట్లు చేశారు, బరువు పరిమితి తీసేశారు. తొక్కకుండా చేతి మెలితోనే పూర్తి వేగం అందుకునే బళ్లకి 2016 జనవరి 1 నుంచి ప్రత్యేక ఆమోదం కావాలన్నారు. అంతకు ముందే వాడకంలో ఉన్న పాత బళ్లని మాత్రం అలాగే ఉండనిచ్చారు. పాతవాటికి ఆ గౌరవం దక్కడం నాకు నచ్చింది.

ఇక జపాన్‌లో యమహా 1993లో దారి మార్చింది. పెడలు మీద కాలు ఎంత బలం వేస్తే మోటారు అంతే కలుపుతుంది. కాలు ఆగితే మోటారూ ఆగుతుంది. యంత్రం మనిషికి తోడే తప్ప బదులు కాదని అక్కడి పోలీసులని ఒప్పించి, దాన్ని సైకిలు అనిపించుకున్నారు. యూరప్ దేశాలు 2002లో 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్లు అని గీత గీశాయి.

మన దగ్గర చట్టానికీ సైకిలుకీ పరిచయం కొత్తదేం కాదు. మునిసిపాలిటీకి సైకిలు పన్ను కట్టి రేకు బిళ్ల తగిలించుకున్న రోజులు పెద్దవాళ్లకి గుర్తే. రాత్రి దీపం లేకుండా తొక్కినా, డబుల్స్ ఎక్కించుకున్నా పోలీసు ఆపి గాలి తీసేసేవాడు. మా నాన్న కాలేజీ రోజుల్లో అలా గాలి పోగొట్టుకుని సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చానని చెప్పేవారు.

ఎలక్ట్రిక్ బండి సంగతి మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోకి 2005లో ఎక్కింది. మోటారు 30 నిమిషాల పాటు నిలకడగా ఇవ్వగల శక్తి 250 వాట్లకు లోపు ఉండాలి. గరిష్ఠ వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, సరైన బ్రేకులు ఉండాలి. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి అధీకృత పరీక్షా సంస్థ చూసి ధ్రువీకరించాలి. అప్పుడే అది మోటారు వాహనం కాదు. తొక్కితే మోటారు తోడయ్యే సైకిళ్ల గురించి అందులో రాసిన మాటలు యూరప్ నిబంధనలో మాటలే.

అక్కడి నుంచి కథ ఎన్నో మలుపులు తిరిగింది. చైనా విడిభాగాలతో ఊరూరా దుకాణాలు వెలిశాయి. 2010 నవంబరులో కేంద్రం తక్కువ వేగం బండికి 4,000 రూపాయల దాకా రాయితీ ఇచ్చింది. 2012 మార్చితో అది ఆగింది. కొన్న దుకాణాలు మూతపడ్డాయి, బ్యాటరీలు రెండేళ్లకే చచ్చాయి, బళ్లు వసారాలకి చేరాయి. తర్వాత లిథియం బ్యాటరీలు వచ్చాయి, ఎలక్ట్రిక్ బళ్లకి రాయితీ ఇచ్చే కేంద్ర ఫేమ్ పథకాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇంట్లో చార్జింగు పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ ఏడాది బ్యాటరీల భద్రతా ప్రమాణాలు బిగించారు. కొత్త బళ్లకి ఇన్ని కాపలాలు వచ్చాయి గానీ, పాత బండిని పట్టించుకునే నాథుడు లేడు.

మా బండి దగ్గరికి వస్తాను. సీటెత్తితే నాలుగు నల్లటి బ్యాటరీలు, ఒక్కోటి 12 వోల్టులు. టెర్మినళ్ల మీద ఉప్పు పేరినట్టు తెల్లటి పొడి. వాటి పక్కన అల్యూమినియం డబ్బా, కంట్రోలరు. అందులోంచి వచ్చిన వైర్లలో ఒక తెల్ల జత విడిపోయి, కొసలకి నల్ల టేపు చుట్టి ఉంది. అది చూడగానే పాత రోజు గుర్తొచ్చింది. కొన్న కొత్తలో ఒక మెకానిక్కు, “మాస్టారూ, ఈ వైరు పీకేస్తే నలభై కొడుతుందండీ” అన్నాడు. నాన్న సరేనన్నారు. పరిమితి తెగిపోయింది. ఆ క్షణం నుంచి మా బండి చట్టం దృష్టిలో సైకిలు కాదు. రిజిస్ట్రేషను, బీమా లేని మోటారు వాహనం. నాలుగేళ్లు నాన్న దాని మీదే తిరిగారు. ఎవరికైనా తగిలి ఉంటే పరిహారం మొత్తం మేమే కట్టుకోవాల్సి వచ్చేది.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది మేనల్లుడి సంగతి. లైసెన్సు లేని మైనరు మోటారు వాహనం నడిపి పట్టుబడితే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం సంరక్షకుడికి గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. నిరపాయకరమని మనం అనుకునే తాతయ్య బండి, ఒక్క వైరు వల్ల, ఆ సవరణ కిందికి వచ్చేస్తుంది.

వారం క్రితం తెల్ల జత కలిపించాను. కొత్తగా వేసినవి సీసం బ్యాటరీలే. బండితో వచ్చిన చార్జరు వాటి కోసమే పుట్టింది, దానికి ఎవరో కూర్చిన లిథియం ప్యాకు తగిలించి ఇంట్లో చార్జింగు పెట్టే ధైర్యం నాకు లేదు. పాత బ్యాటరీలు నాలుగూ అమ్మిన షాపుకే తిరిగిచ్చాను, సీసం చెత్తకుండీలోకి పోకూడదు. విరిగిన ఎర్ర రిఫ్లెక్టరు మార్పించాను. నాన్న బీరువాలో పాత బిల్లుతో పాటు పరీక్షా సంస్థ ధ్రువపత్రం నకలు దొరికింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద ఉంచాను. చట్టం అడగకపోయినా హెల్మెట్ కొన్నాను. మేనల్లుడు ఇప్పుడు కాలేజీకి దాని మీదే వెళ్తున్నాడు, 25 లోపే.

మీ వసారాలోనూ ఇలాంటి బండి ఉంటే, పిల్లల చేతికి తాళం ఇచ్చేముందు సీటెత్తి కంట్రోలరు వైర్లు చూడండి. ఎవరైనా కదిపారని అనుమానం వస్తే మెకానిక్కుతో వేగం కొలిపించి, పరిమితి పనిచేస్తోందని తేలాకే రోడ్డెక్కించండి.