యెజ్రెయేలు పెద్దలకు వచ్చిన ఉత్తరం

క్రీస్తుపూర్వం 853లో కర్కర దగ్గర అష్షూరు రాజు మూడో షల్మనేసెరును ఎదిరించిన కూటమిలో ఇశ్రాయేలు రాజు అహాబు ఉన్నాడు. అతను 2,000 రథాలతో, 10,000 మంది సైనికులతో వచ్చాడని షల్మనేసెరే శిలమీద చెక్కించాడు. 1861లో కుర్ఖ్‌లో దొరికిన ఆ శిల ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇంత పెద్ద యుద్ధం గురించి బైబిలులో ఒక్క మాట లేదు. అహాబు కట్టించిన దంతపు మేడకూ, పట్టణాలకూ కలిపి ఒక్క వచనం. నాబోతు అనే ఆసామి ద్రాక్షతోట ఆ రాజు చేతికి ఎలా చిక్కిందో చెప్పడానికి మాత్రం రాజుల మొదటి గ్రంథంలో 21వ అధ్యాయం దాదాపు మొత్తం పట్టింది.

నేను బతుకంతా రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని క్రయాలు, మార్పిళ్లు, భాగపంపకాలు రాసినవాణ్ణి. గుడిలో ఈ అధ్యాయం మీద ప్రసంగం అంటే అహాబు భార్య యెజెబెలు రాణిని తిట్టడంతోనే సరిపోతుంది. నా చూపు ముందు కాగితాల మీదికీ, వాటిని అమలు చేసినవాళ్ల మీదికీ పోతుంది.

అహాబు తండ్రి ఒమ్రీ కొత్త రాజధాని కట్టడానికి షెమెరు అనే అతని దగ్గర కొండ కొన్నాడు. రెండు తలాంతుల వెండి, అంటే 60, 70 కిలోల మధ్య, తూచి ఇచ్చాడు. ఊరికి అమ్మినవాడి పేరు మీదుగా షోమ్రోను అని పెట్టాడు. రాజు కూడా వెల ఇచ్చే భూమి పుచ్చుకున్నాడన్నమాట. అహాబు కూడా మొదట ఆ దారిలోనే వచ్చాడు. యెజ్రెయేలులో తన కోట పక్కనున్న తోటను కూరతోటగా చేసుకుంటాననీ, బదులుగా ఇంతకంటే మంచి తోట ఇస్తాననీ, కాదంటే రొక్కమిస్తాననీ నాబోతును అడిగాడు. బేరంలో తప్పు లేదు. నాబోతు కుదరదన్నాడు. అది పిత్రార్జితం. లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం భూమి దేవుడిది, శాశ్వతంగా అమ్మడానికి వీల్లేదు, చేయి మారినా యాభయ్యో ఏట సొంత కుటుంబానికి తిరిగి రావాలి. రాజకోటలో కలిసిపోయిన చెక్కను యాభయ్యో ఏట ఏ మనవడు వెనక్కి అడగగలడు? నాబోతు రాజు మాట కాదన్నాడు గానీ ధర్మశాస్త్రాన్ని కాదనలేదు.

యెజ్రెయేలు దిబ్బను 1990 నుంచి 1996 దాకా డేవిడ్ ఉస్సిష్కిన్, జాన్ వుడ్‌హెడ్ తవ్వించారు. చుట్టూ రాతిలో తొలిచిన కందకంతో పెద్ద కోట ఆవరణ బయటపడింది. 2012 తర్వాత జరిగిన తవ్వకాల్లో దిబ్బ కింది భాగంలో రాతిలో తొలిచిన పాత ద్రాక్షగానుగ ఒకటి దొరికింది. అది నాబోతుదని ఎవరూ రుజువు చేయలేరు. అక్కడ ద్రాక్ష పండిందన్నదానికి మాత్రం ఆ రాయే సాక్ష్యం.

కాదనిపించుకున్న అహాబు మంచమెక్కి, మొహం తిప్పుకుని పడుకుని అన్నం మానేశాడు. యెజెబెలు రాజు పేరున ఉత్తరాలు రాసి, రాజముద్ర వేసి ఆ ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసం చాటించండి, నాబోతును జనం ముందు కూర్చోబెట్టండి, దేవుణ్ణీ రాజునూ దూషించాడని ఇద్దరు దుర్మార్గులచేత చెప్పించండి, రాళ్లతో కొట్టి చంపించండి అని అందులో ఉంది. సాక్షులు ఇద్దరుండాలని ధర్మశాస్త్రం అంటుంది, ఇద్దర్నీ పెట్టారు. సభ జరిగింది, ఆరోపణ చదివారు, శిక్ష ఊరి బయట అమలైంది. పద్ధతిలో ఒక్క లోటు లేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది 14వ వచనం. ఉత్తరం వచ్చింది అహాబు పేరున, పని అయిపోయిందని పెద్దలు కబురు పంపింది యెజెబెలుకు. ముద్ర ఎవరిదో, రాత ఎవరిదో వాళ్లకు తెలుసు. నాబోతు ఎలాంటివాడో కూడా తెలుసు, అతను వాళ్ల ఊరివాడే కదా.

ఆ రోజుల్లో రాజాజ్ఞను కాదనడం ఎవరివల్లా కాదని అనుకోకండి. అంతకు చాలా తరాల ముందు, దావీదుకు సాయం చేశారన్న కోపంతో సౌలు రాజు నోబు ఊరి యాజకులను చంపమంటే అతని సొంత భటులే చెయ్యి ఎత్తలేదు. చివరికి ఎదోమీయుడైన దోయేగు 85 మందిని నరికాడు. ఆజ్ఞ మీరిన ఆ భటులను నేను వీరులుగా లెక్కపెడతాను. అలాంటివాడు యెజ్రెయేలు సభలో ఒక్కడు లేకపోయాడు.

నాబోతు చనిపోయాడని వినగానే అహాబు లేచి స్వాధీనానికి వెళ్లాడు. ఎలా చనిపోయాడని అడగలేదు. నా వృత్తిలో మొదట వచ్చే ప్రశ్న వేరు: వారసులేరీ? 21వ అధ్యాయంలో వాళ్ల ఊసు లేదు. రాజుల రెండో గ్రంథం 9వ అధ్యాయంలో, ఏళ్ల తర్వాత, అహాబు వంశాన్ని కూల్చిన సేనాపతి యెహూ నోట బయటపడుతుంది. నాబోతు కొడుకుల రక్తం కూడా ఒలికింది. తోట రాజుకు ఎలా దఖలుపడిందో అప్పుడు అర్థమైంది నాకు.

ఏలీయా ప్రవక్త ఆ తోటలోనే రాజుకు ఎదురుపడి హత్యనూ ఆక్రమణనూ ఒకే నేరంగా ముఖాన చదివాడు. అహాబు బట్టలు చింపుకుని గోనెపట్ట కట్టాడు. దాంతో అతని వంశానికి రావలసిన కీడు కొడుకు కాలానికి వాయిదా పడింది. అతను మాత్రం రామోత్గిలాదు యుద్ధంలో ఎవరో గురి చూడకుండా వేసిన బాణం కవచం అతుకుల మధ్య దిగి చనిపోయాడు. యెజ్రెయేలు పక్కఊరు షూనేములో ఇంకో భూమి తగాదా ఉంది. ఏడేళ్లు కరువుకు వలసపోయి వచ్చిన స్త్రీ తన ఇల్లూ పొలం కోసం రాజు దగ్గర మొరపెట్టుకుంది. రాజు ఒక అధికారిని వేసి, ఆమె వెళ్లిన నాటినుంచి వచ్చిన పంట ఆదాయంతో సహా ఇప్పించాడు. రాజు పేరు లేదు గానీ, గ్రంథం వరుసను బట్టి అతను అహాబు కొడుకు యెహోరామే. ఇంత మంచి తీర్పు నేను కోర్టుల్లో అరుదుగా చూశాను. అదే యెహోరామును యెహూ చంపి నాబోతు పొలంలో పారేయించాడు. తండ్రి చేసినదానికి కొడుకు పడిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత యెహూ కూడా ఉత్తరాలే రాశాడు. అహాబు కొడుకులు 70 మంది షోమ్రోనులో పెద్దల సంరక్షణలో ఉన్నారు. వాళ్ల తలలు పంపమన్నాడు. పెంచిన పెద్దలే నరికి, గంపల్లో పెట్టి యెజ్రెయేలుకు పంపారు. ఆ తర్వాత అహాబు వాళ్లలో మిగిలినవాళ్లతోపాటు అతని గొప్పవాళ్లనూ యెహూ చంపించాడు. ఇదంతా దైవాజ్ఞ పేరున జరిగింది. అయినా వంద ఏళ్లకు అటూఇటూగా హోషేయ ప్రవక్త యెజ్రెయేలు రక్తానికి యెహూ ఇంటివారు జవాబు చెప్పాలని ప్రకటించాడు. షల్లూము అనేవాడు ఆ వంశంలో చివరి రాజు జెకర్యాను జనం ముందే చంపి గద్దె ఎక్కాడు. ఏలింది ఒక్క నెల.